మీకు తెలుసా? పదిహేనేళ్లకూ తిరిగి రాగల కేన్సర్ ఇది

● మనకు చెవుల ముందు, దవడ కింద, నాలుక కింద మూడు జతల పెద్ద లాలాజల గ్రంథులుంటాయి. ఇవి కాక పెదవులు, బుగ్గలు, అంగిలి లోపల 600 నుంచి 1000 దాకా చిన్న గ్రంథులు! వీటిలో వచ్చే కేన్సర్ అంగిట్లో నొప్పిలేని చిన్న గడ్డగానూ మొదలుకావచ్చు.

● ఈ గ్రంథుల కేన్సర్లలో నిదానంగా పెరిగే ఒక రకం అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా. 1859లోనే దీన్ని వర్ణించినవాడు థియోడోర్ బిల్‌రోత్. 1881లో కడుపు కేన్సర్‌కు విజయవంతంగా ఆపరేషన్ చేసిన సర్జన్ ఆయనే.

● ఇది నరాల వెంట పాకుతుంది. ముఖం తిమ్మిరెక్కడం, మూతి ఒకవైపు జారడం అందుకే.

● మెడ బిళ్లలకు పాకడం తక్కువ. రక్తంలో కలిసి ఎక్కువగా ఊపిరితిత్తులకు, ఆ తర్వాత ఎముకలకు, కాలేయానికి చేరుతుంది.

● చాలా కేన్సర్లలో ఐదేళ్లు గడిస్తే గండం గడిచిందంటారు. దీనికి ఆ లెక్క చెల్లదు. ఆపరేషనైన పది, పదిహేను, ఒక్కోసారి ఇరవై ఏళ్లకూ ఊపిరితిత్తుల్లో గడ్డలు బయటపడతాయి. అవి ఏళ్ల తరబడి ఏ బాధా పెట్టకుండా ఉండిపోవచ్చు కూడా. అలాంటప్పుడు డాక్టర్లు వెంటనే మందులు పెట్టక, స్కాన్లతో కనిపెట్టి ఉంటారు.

● చాలామంది రోగుల్లో 6, 9 క్రోమోజోముల ముక్కలు తారుమారై రెండు జన్యువులు అతుక్కుపోతాయని 2009లో స్వీడన్ పరిశోధకులు కనిపెట్టారు.

● ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకునే అడ్డపొగ వల్ల వచ్చే అంగిలి కేన్సర్ వేరు. అది పైపొరలో పుడుతుంది. అడినాయిడ్ సిస్టిక్‌కు పొగాకే కారణమని తేలలేదు. చుట్టాబీడీ ముట్టనివాళ్లకూ వస్తుంది.

● నెల్లూరు తీరంలోని మైపాడు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె వైపు నుంచి పెద్ద జబ్బులకు చాలామంది వెళ్లేది చెన్నైకే. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి చొరవతో 1954లో మొదలైన అడయార్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ అక్కడిదే. ఈ జబ్బుకు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఒంట్లో బాగానే ఉన్నా చెకప్‌లు మానకూడదు. ఊళ్లో డాక్టరుకు దగ్గు చూపించుకున్నా పాత ఆపరేషన్ సంగతి ముందు చెప్పాలి. బయాప్సీ రిపోర్టు ఎన్నేళ్లయినా పారేయకండి. కొత్త గడ్డ పాత జబ్బుదేనా అని తేల్చడానికి డాక్టరు మొదట అడిగేది దాన్నే.