అసలు కాగితం మీద రాయొద్దు

దుండిగల్‌లో ఔటర్ రింగ్ రోడ్డు దిగే కారు టోల్ గేటు దాటడానికి కొన్ని సెకన్లు చాలు. అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. రీడర్ పంపే రేడియో తరంగాల శక్తితోనే అది తన నంబరు చెప్పేస్తుంది. 158 కిలోమీటర్ల ఈ రింగులో ఎంత దూరం వచ్చారు, ఏ రకం బండి అన్న దాన్ని బట్టి టోల్ పడుతుంది. కాబట్టి ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగారు, బండి ఏ తరగతిది అన్న మూడు సంగతులూ తెలియాలి. ఆ వివరాలతో తయారైన మెసేజీ టోల్ ప్లాజా తరఫు బ్యాంకుకూ, అక్కడి నుంచి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ స్విచ్‌కూ, చివరికి ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకూ చేరుతుంది.

ఒక్కో చోట ఒక్కో కంపెనీ సాఫ్ట్‌వేర్. వీటి మధ్య మెసేజీలు చేరవేసేదే ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేర్. 2007లో మొదలైన అపాచీ క్యామెల్ ఆ కోవలో బాగా పేరున్నది. గ్రెగర్ హోప్, బాబీ వుల్ఫ్ 2003లో అచ్చువేసిన ‘ఎంటర్‌ప్రైజ్ ఇంటిగ్రేషన్ ప్యాటర్న్స్’ పుస్తకంలోని పద్ధతులే దానికి పునాది. మెసేజీ నడిచే దారిని క్యామెల్‌లో రూట్ అంటారు. ఒక రూట్ మధ్యలో ఇంకో రూట్‌ను పిలిచి పని చేయించుకోవచ్చు. చిక్కంతా అక్కడే. టోల్ వసూలునే క్యామెల్‌లో రాస్తున్నామనుకుని చూద్దాం.

వసూలు రూట్ చేతిలో ఉన్న మెసేజీలో ఎక్కిన చోటు, దిగిన చోటు ఉన్నాయి. బండి కారా (వీసీ4), టాటా ఏస్ లాంటి చిన్న ట్రాలీనా (వీసీ20) అన్నది తెలియాలి. అందుకని ‘ట్యాగ్ తనిఖీ’ అనే రూట్‌ను పిలుస్తుంది. క్యామెల్‌లో ‘డైరెక్ట్’ పద్ధతిలో పిలిస్తే అవతలికి వెళ్లేది నకలు కాదు, అసలు మెసేజీయే. తనిఖీ రూట్ బయటి సర్వర్‌ను అడుగుతుంది, వచ్చిన జవాబును మెసేజీ బాడీలో, అంటే అసలు విషయం ఉండే చోట, పెడుతుంది. తిరిగొచ్చేసరికి బండి తరగతి తెలిసింది కానీ ఎక్కిన చోటు, దిగిన చోటు చెరిగిపోయాయి.

ఇది వెంటనే బయటపడే తప్పు. మెసేజీకి అంటించే చీటీల్లాంటి హెడర్లతో వచ్చేది దొంగ తప్పు. చిరునామా చివర ఏ దారి చేర్చాలో చెప్పే ‘క్యామెల్ హెచ్‌టీటీపీ పాత్’ లాంటి హెడర్ తనిఖీ రూట్‌లో పెట్టి తీయకుండా వదిలేశారనుకోండి. అది మెసేజీతోపాటే వసూలు రూట్‌కు వచ్చేస్తుంది. తర్వాత బ్యాంకును పిలిచినప్పుడు ఆ పాత దారి కొత్త చిరునామాకు అతుక్కుని, మెసేజీ వెళ్లాల్సిన చోటికి వెళ్లదు. తప్పు తనిఖీ రూట్‌లో ఉంటే, ఎర్రర్ బ్యాంకు పిలుపు దగ్గర కనిపిస్తుంది. వెతికేవాళ్లు రోజంతా బ్యాంకు వైపే చూస్తుంటారు.

ఆఫీసు ఫైలుతో పోల్చుకుంటే మందు దొరుకుతుంది. పక్క సీటువాళ్ల అభిప్రాయం కావాలంటే అసలు ఫైలు పంపకుండా జిరాక్స్ పంపి, వచ్చిన జవాబును మన ఫైల్లో మనమే నోట్ చేసుకోవాలి. క్యామెల్‌లో ‘ఎన్‌రిచ్’ చేసేది ఇదే. నకలు పంపుతుంది, జవాబును, అసలును పక్కపక్కన పెట్టి, ఎలా కలపాలో మనల్నే చెప్పమంటుంది. ఏమీ చెప్పకపోతే మాత్రం జవాబునే బాడీగా పెట్టేస్తుంది. ‘మల్టీకాస్ట్’ కూడా అంతే. నకళ్లు పంపినా, ఏమీ చెప్పకపోతే చివరగా వచ్చిన జవాబే మిగులుతుంది. నకలు పంపితే సగం పనే అయింది. జవాబులో ఏది ఉంచుకోవాలో పిలిచిన రూటే తేల్చుకోవాలి. 4.4 వెర్షన్ నుంచి క్యామెల్‌లో ‘వేరియబుల్స్’ వచ్చాయి. జవాబును ఒక వేరియబుల్‌లోకి తీసుకుంటే బాడీ, హెడర్లు చెక్కుచెదరవు.

నకలులోనూ మెలిక ఉంది. ఆడిట్ కోసం మెసేజీని పక్కదారి పట్టించే ‘వైర్ ట్యాప్’ తీసేది పైపై నకలు. కవరింగ్ లెటర్ జిరాక్స్ తీసి, లోపలి కాగితాలు మాత్రం అసలువే జతచేసినట్టు. బాడీలో జావా ఆబ్జెక్ట్ ఉంటే రెండు రూట్ల చేతిలోనూ ఉండేది ఆ ఒక్కటే. ఆడిట్ రూట్ ట్యాగ్ నంబరును చుక్కలతో కప్పితే వసూలు రూట్‌కూ చుక్కలే కనిపిస్తాయి. అలాంటప్పుడు పంపేముందే లోపలిదాకా నకలు తీయాలి. అందుకు ‘ఆన్ ప్రిపేర్’ అనే వీలుంది.

ఇవన్నీ మెసేజీని కాపాడతాయి కానీ ఖాతాలోంచి వెళ్లిన డబ్బును కాపాడవు. బ్యాంకు డబ్బు కోసేసింది, జవాబు మాత్రం దారిలో పోయింది. వసూలు రూట్ మళ్లీ పంపితే టోల్ రెండుసార్లు పడుతుంది. ఇక్కడ అక్కరకొచ్చేది ‘ఐడెంపొటెంట్ కన్స్యూమర్’. లావాదేవీ నంబరు రాసిపెట్టుకుని, అదే నంబరు మళ్లీ వస్తే పక్కన పెడుతుంది. కానీ పని మధ్యలో ఎర్రర్ వస్తే, మళ్లీ ప్రయత్నించే వీలుండాలని ఆ నంబరును కొట్టేయడం దాని అలవాటు. డబ్బు కోశాక ఎర్రర్ వస్తే ఆ అలవాటే కొంప ముంచుతుంది. అందుకే రెండోసారి కొత్త నంబరు పుట్టించకుండా పాత నంబరుతోనే పంపాలి, బ్యాంకు వైపు కూడా ఆ నంబరును గుర్తుపట్టాలి.

రూట్ రాసేవాళ్లు టెస్టులో సాధారణంగా జవాబు సరిగ్గా వచ్చిందా అనే చూస్తారు. పిలవకముందు బాడీ, హెడర్లు ఎలా ఉన్నాయో, పిలిచాక ఎలా ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూసే టెస్టు ఇంకొకటి రాయాలి. అడిగినది తప్ప ఇంకేది మారినా ఆ టెస్టు ఫెయిల్ కావాలి.