గడియ ఉన్న గది

గ్లాస్గో దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఉన్న ఈతకొలనులో పదకొండేళ్ళుగా కౌంటర్లో కూర్చుంటున్నాను. పాత కట్టడం. టికెట్ తీసుకుని ముందుకెళ్తే రెండు తలుపులు, ఎడమవైపు ఆడవాళ్ళది, కుడివైపు మగవాళ్ళది. లోపల పొడవాటి బల్లలు, గోడకు కొక్కేలు, అడ్డుతెర లేని షవర్లు.

ఆదివారం సాయంత్రం ఒక గంట ఆడవాళ్ళకే. ఆ గంటలో లైఫ్‌గార్డు కూడా ఆడమనిషే ఉంటుంది, కిటికీలకు తెరలు దించుతాం. కిందటేడు ఒక తెలుగమ్మాయి మొదటిసారి వచ్చి, గొంతు తగ్గించి, "మగవాళ్ళెవరూ రారు గదా అక్కా?" అని అడిగింది. రారమ్మా అన్నాను. రెండడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ అడిగింది.

ఆ భయం నాకు తెలుసు. మాది మిర్యాలగూడ పక్క పల్లె. నా చిన్నతనంలో ఇంట్లో మరుగుదొడ్డి లేదు. అమ్మ పగలంతా నీళ్ళు తగ్గించి తాగేది. చీకటి పడ్డాక చెంబు పట్టుకుని, పక్కింటి పిన్నిని తోడు పిలుచుకుని వెళ్ళేది. రోడ్డు మీద ఏ బండి లైటన్నా పడితే ఇద్దరూ చటుక్కున లేచి నిలబడేవాళ్ళు. లోపల గడియ పెట్టుకునే గది ఒకటి ఉండడం ఎంత భాగ్యమో మా అమ్మను చూసి తెలుసుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నాలు ఒక పెద్దావిడ వస్తారు. అరవై దాటాయి. తుంటి ఆపరేషన్ తర్వాత ఈత మంచిదని డాక్టర్ చెప్పారట. పుట్టినప్పుడు మగపిల్లాడని రాశారనీ, ముప్పై ఏళ్ళుగా ఆడమనిషిగానే బతుకుతున్నాననీ ఆవిడే ఒకసారి చెప్పారు. ఎప్పుడూ ఎడమవైపు తలుపులోంచే వెళ్ళేవారు. 2025 ఏప్రిల్‌లో ఒక మంగళవారం కౌంటర్ దగ్గర ఆగిపోయి, "ఇకనుంచి నన్ను ఎటు వెళ్ళమంటారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

అంతకు కొద్దిరోజుల ముందే, ఏప్రిల్ 16న, బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అది అర్థం కావాలంటే ఇరవై ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళాలి. క్రిస్టీన్ గుడ్విన్ అనే ట్రాన్స్ మహిళకు అప్పట్లో 60 ఏళ్ళకు ఆడవాళ్ళకిచ్చే పింఛను ఇవ్వలేదు. కాగితాల్లో మగవాడు కాబట్టి 65 దాకా ఆగాలన్నారు. 2002లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఆమె పక్షాన నిలిచింది. ఆ ఫలితంగా 2004లో జెండర్ రికగ్నిషన్ చట్టం వచ్చింది. 18 నిండినవాళ్ళు వైద్యుల నివేదికలు, రెండేళ్ళుగా తాము చెప్పే జెండర్‌లో బతుకుతున్నట్టు రుజువులు పెడితే, ఒక ప్యానెల్ పరిశీలించి ఆ జెండర్‌ను గుర్తిస్తూ సర్టిఫికెట్ ఇస్తుంది. ఆపరేషన్ చేయించుకుని తీరాలన్న నియమం లేదు. ఆ సర్టిఫికెట్‌తో జనన ధ్రువపత్రం మారుతుంది, పెళ్ళీ పింఛనూ దాన్నిబట్టే నడుస్తాయి. తీర్పు నాటికి దేశం మొత్తం మీద ఆ సర్టిఫికెట్ తీసుకున్నవాళ్ళు సుమారు 8,500 మంది.

2010లో సమానత్వ చట్టం వచ్చింది. తగిన కారణం ఉంటే ఆసుపత్రి వార్డు, బట్టలు మార్చుకునే గది, హింసకు గురైన స్త్రీల ఆశ్రయం లాంటివి ఆడవాళ్ళకు మాత్రమే నడుపుకోవచ్చంది. మరి సర్టిఫికెట్ ఉన్న ట్రాన్స్ మహిళ ఆ చట్టం ప్రకారం స్త్రీయేనా? ఈ ప్రశ్న కోర్టుకెక్కింది గదుల విషయంలో కాదు. ప్రభుత్వ బోర్డుల్లో సగం మంది స్త్రీలు ఉండాలన్న 2018 నాటి స్కాట్లాండ్ చట్టం విషయంలో. ఆ లెక్కలో ట్రాన్స్ మహిళలను చేర్చకూడదని ఫర్ విమెన్ స్కాట్లాండ్ అనే సంస్థ దావా వేసింది. సర్టిఫికెట్ ఉంటే స్త్రీగానే లెక్కించాలని స్కాట్లాండ్ కోర్టులు అన్నాయి. సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీలూ ఒకే మాటగా దాన్ని కొట్టేశారు. సమానత్వ చట్టంలో స్త్రీ అంటే పుట్టుకను బట్టేనన్నారు. సర్టిఫికెట్ రద్దు కాలేదు. ట్రాన్స్ వ్యక్తుల మీద వివక్ష, వేధింపు ఇప్పటికీ చట్టవిరుద్ధమే. దీన్ని ఒక వర్గం మీద ఇంకో వర్గం గెలుపుగా చూడొద్దని తీర్పు చదువుతూ జడ్జి లార్డ్ హాడ్జ్ కోరారు.

కౌంటర్లో కూర్చునేదాన్ని కాబట్టి ఒక మాట చెప్పగలను. ఆ సర్టిఫికెట్‌ను ఈ పదకొండేళ్ళలో నేను కళ్ళతో చూడలేదు. అడగకూడదనే మాకు నేర్పారు. ఒకరికి ఆ సర్టిఫికెట్ ఉందన్న సంగతి ఉద్యోగరీత్యా తెలిసినవాళ్ళు బయటపెడితే 2004 చట్టం 22వ సెక్షన్ కింద నేరం. అంటే పింఛను ఆఫీసులో చెల్లే కాగితం ఈ తలుపు దగ్గరికి ఎప్పుడూ రాలేదు. ఇక్కడ నడిచిందంతా మనిషిని చూసి మనిషి నమ్మడమే. ఇప్పుడు తీర్పు 'స్త్రీ' అన్న మాటకు అర్థం చెప్పింది. కానీ పుట్టుకను నేనెలా చూడను? పొట్టి జుట్టు, బొంగురు గొంతు ఉన్న ఆడపిల్లను ఆపి ప్రశ్నించనా? పుట్టుకతో స్త్రీ అయి, ఇప్పుడు గడ్డం పెంచిన ట్రాన్స్ పురుషుడొస్తే? అలాంటివారిని కూడా ఆడవాళ్ళ గదిలోకి రానివ్వకుండా ఉండే వీలు ఉందని తీర్పే చెప్పింది. ఆ మనిషికి ఎడమవైపూ చోటు లేదు, కుడివైపూ ఇబ్బందే.

మంగళవారం వచ్చే ఆ పెద్దావిడకు మా మేనేజర్ చివరికి నడవా కొసనున్న ఫ్యామిలీ గది చూపించారు. ఒక్కరే పట్టే గది, లోపల షవరు, గట్టి గడియ. కానీ దాని తాళంచెవి నా దగ్గరుండేది. వరసలో నలుగురు నిలబడి ఉండగా ఆవిడ వచ్చి తాళంచెవి అడగాలి. మొదటి మంగళవారం అడిగారు. వెనకున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆ తర్వాత మూడు వారాలు రాలేదు.

పక్క ఊళ్ళో కొత్తగా కట్టిన కొలనులో ఈ చిక్కు లేదు. అన్నీ నేల నుంచి పైదాకా మూసిన విడివిడి గదులే. ఎవరి గది వాళ్ళది, ఎవరి గడియ వాళ్ళది. అలాగని ఆడవాళ్ళ గంట తీసేయమని నేననను. ఆ గంట లేకపోతే ఆ తెలుగమ్మాయి నీళ్ళలోకి దిగదు. ఆమెకు ఇచ్చిన మాట నిలబెట్టాలి. ఈ పెద్దావిడను అందరి ముందూ నిలబెట్టకుండానూ ఉండాలి. దానికి కావలసింది ఇంకో నాలుగు గోడలు, వాటికి డబ్బు.

నేను మేనేజర్‌ను అడిగింది చిన్న కోరిక. ఫ్యామిలీ గదికి బయట తాళం వద్దు, లోపలి గడియ చాలు అని. ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ గది పొద్దున్నుంచీ తెరిచే ఉంటుంది. పసిబిడ్డల తల్లులు వెళ్తారు, చక్రాల కుర్చీలో వచ్చే తాతగారు వెళ్తారు. మంగళవారం ఆవిడ టికెట్ తీసుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా, నడవా చివరిదాకా నడిచి వెళ్తారు. గడియ పడిన చప్పుడు కౌంటర్ దాకా వినిపిస్తుంది.