పొలము పైకము - పొగ యంత్రము



గత మాసమున మా స్వగ్రామమునుండి మా పెదతండ్రిగారి కుమారులు, నాకు అన్నగారు, ఒక జాబు వ్రాసిరి. బాట వెడల్పు చేయుటకై ప్రభుత్వమువారు వారి మెరకచేను రెండెకరములు తీసుకొని పరిహారము చెల్లించిరి. ఆ పైకము బ్యాంకులో నున్నది. అమెరికాలో ఉద్యోగము చేయుచున్న వారి మనుమడు దానినిగూర్చి ఒక ఆలోచన చెప్పినాడు. మోటారు బండ్ల పొగలోని విషమును హరించు సాధనములు చేయు చిన్న కంపెనీ యొకటి అచ్చట నున్నదట. దాని వాటా వెల మిక్కిలి చౌకయట. లోకమంతయు పొగతో ఉక్కిరిబిక్కిరి యగుచున్నది గనుక ఈ సరకునకు గిరాకి తప్పదనియు, పైకమంతయు అందు మదుపు పెట్టిన పదియేండ్లలో పదింతలగుననియు ఆ చిన్నవాని నమ్మకము.

అన్నగారు జాబు చివర నిట్లు వ్రాసిరి: "తమ్ముడూ, వాడు చదువుకొన్నవాడు. వాని మాట త్రోసివేయలేను. చేను పోయినపిమ్మట మాకు మిగిలినది ఈ పైకమొక్కటే. నాకు తెలిసినది నేల. పొగ సంగతి నాకేమి తెలియును? నీవు విచారించి చెప్పుము."

ఇట్టి ప్రశ్న మా అన్నగారి కొక్కరికే కలిగినది కాదు. భూమికి బదులు పైకము చేతికి వచ్చిన కుటుంబములు నేడు పెక్కు గలవు. కావున వారికి వ్రాసిన ప్రత్యుత్తరమునే కొంత విస్తరించి మీకు విన్నవించుచున్నాను.

మొట్టమొదట వాటా యన నేమో స్పష్టము చేసికొందము. వాటా కొనుట అప్పిచ్చుట కాదు. అప్పిచ్చినవానికి వడ్డీ యడుగు హక్కు కలదు. వాటా కొన్నవాడు సరిపాలునకు సేద్యము చేయువాని వంటివాడు. పండిన పంటలో పాలు, ఎండిన ఎండలోను పాలు. కంపెనీ మునిగినచో అప్పులవారికి చెల్లింపగా మిగిలినదే అతనిది. అట్లు మిగులుట అరుదు.

ఇక ఆ సాధన మెట్టిది? పెట్రోలు బండి పొగలో ముఖ్యమైన విషములు మూడు: ఇంధనము పూర్తిగా మండక పుట్టు కార్బన్ మొనాక్సైడు, కాలక మిగిలిన ఇంధనపు ఆవిరి, నత్రజని ఆక్సైడులు. పొగగొట్టపు త్రోవలో ఒక ఉక్కు పెట్టె నుంచి, దానిలో తేనెపట్టువలె వేలకొలది సన్నని బెజ్జములుగల పింగాణి దిమ్మెను అమర్చెదరు. ఆ బెజ్జముల గోడలకు ప్లాటినము, పలాడియము, రోడియము అను లోహములను అతి పలుచగా పూయుదురు. వేడి పొగ వానిని తాకి సాగునప్పుడు విషవాయువులు నీటి ఆవిరిగను, నత్రజనిగను, బొగ్గుపులుసు వాయువుగను మారును. లోహములు మాత్రము ఖర్చు కావు. పాలను పెరుగు చేయు తోడువలె గాక, తాము మారకయే మార్పును కలిగించు నిట్టివానిని ఉత్ప్రేరకము లందురు. ఈ పెట్టెయే కాటలిటిక్ కన్వర్టరు.

డీజెలు లారీలకు విధానము వేరు. మసిని పట్టుటకు ఒక వడపోత యుండును. నత్రజని ఆక్సైడులను అణచుటకు యూరియా నీటిని పొగలోనికి చిమ్ముదురు. మన వరిచేలకు చల్లు యూరియా వంటిదే, మిక్కిలి శుద్ధిచేసి నూటికి 32.5 పాళ్లు నీటిలో కరగించినది. అది వేడికి అమ్మోనియాయై నత్రజని ఆక్సైడులను మామూలు నత్రజనిగను నీరుగను మార్చును.

ఇందు మోసమేమియు లేదు. సాధనము నిజమైనది; దానివలని మేలును నిజమైనదే. అట్లయిన మదుపునకు భయమెందులకు? దీనికి జవాబు ఒక పెద్దమనిషి చరిత్రలో నున్నది.

యూజీన్ హౌడ్రీ యను ఆయన 1892లో ఫ్రాన్సు దేశమున జన్మించెను. ముడినూనెనుండి మేలైన పెట్రోలు తీయుటకు ఉత్ప్రేరకముల నుపయోగించు పద్ధతి కనిపెట్టి, అమెరికాలో ప్రసిద్ధి కెక్కెను. 1950 ప్రాంతమున లాస్ ఏంజెల్సు నగరపు పొగమంచునుగూర్చి చింతించి, బండ్ల పొగను శుద్ధిచేయు పెట్టెను నిర్మించి, ఆక్సీ కాటలిస్టు అను కంపెనీని స్థాపించెను. పెట్టె పనిచేసినది. కాని నాటి పెట్రోలులో సీసము కలిపెడివారు. ఆ సీసము లోహపు పూతపై పేరుకొని కొలదికాలములోనే దానిని చంపివేసెడిది. గిడ్డంగులలో బరువులెత్తు బండ్ల వంటి వానికి కొన్ని పెట్టెలు అమ్ముడుపోయినవి గాని, వీథులలోని కార్లకు అవి చేరలేదు. హౌడ్రీ 1962లో మరణించెను. 1970లో అమెరికాలో వాయుశుద్ధి చట్టము బలపడెను; సీసము లేని పెట్రోలు వచ్చెను; పిమ్మట 1975 నమూనా కార్లనుండి ఈ పెట్టె సర్వసామాన్య మయ్యెను. అనగా, ఆలోచన సరియైనదే యైనను, ఫలము చూచుటకు నిర్మాత బ్రతికి యుండలేదు. అదను తప్పిన విత్తు మేలుజాతిదైనను మొలవదని మీకు నేను చెప్పనేల?

ఇందలి కీలకమిది. నాగలి కొనువాడు తన యవసరమునకై కొనును. పొగ శుద్ధి పెట్టెను ఏ బండి యజమానియు ముచ్చటపడి కొనడు. దానివలన బండి వేగము పెరుగదు, నూనె ఖర్చు తగ్గదు. శాసనము కొనుమన్నప్పుడే కొనును. కావున ఈ కంపెనీకి నిజమైన గిరాకిదారు శాసనము. వాటా కొనువాడు యంత్రముపై గాక, ప్రభుత్వపు తేదీలపై పందెము వేయుచున్నాడు.

మన దేశపు సంగతియే చూడుడు. 1995లో ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు ఈ పెట్టె తప్పనిసరి యయ్యెను. సీసము లేని పెట్రోలు దేశమంతట వచ్చుటకు 2000 సంవత్సరము దాక పట్టెను. భారత్ స్టేజి నాలుగవ మెట్టు దేశమంతటికి 2017 ఏప్రిల్ 1న వచ్చెను. అంతకు మూడు దినములు ముందు, మార్చి 29న, మూడవ మెట్టు బండ్లను ఇక అమ్మరాదని సుప్రీముకోర్టు ఆజ్ఞాపింపగా, సుమారు 8 లక్షల బండ్లు అమ్ముడుపోక నిలిచియున్నవి. పిమ్మట అయిదవ మెట్టును దాటవేసి, 2020 ఏప్రిల్ 1నుండి ఆరవ మెట్టును అమలుచేసిరి. తేదీ ముందునకు జరిగిన కొందరికి లాభము, వెనుకకు జరిగిన కొందరికి నాశము. పెద్ద కంపెనీ రెండేండ్లు ఓర్చుకొనగలదు. చిన్న కంపెనీ ఆరు మాసములు జీతములు చెల్లింపలేక అప్పులపాలగును.

ఇట్టి చిన్న కంపెనీ నొకదానిని ఉదాహరించెదను. క్లీన్ డీజెల్ టెక్నాలజీస్ అనునది 1994లో అమెరికాలో ఏర్పడెను. డీజెలులో కలుపు ప్లాటినపు మందును, యూరియా చిమ్ము పద్ధతియు దాని సరకులు. 2010లో అది కాలిఫోర్నియాలోని కాటలిటిక్ సొల్యూషన్సు అను మరియొక కంపెనీతో విలీన మయ్యెను. లండను నగరములో 2008నుండి పొగ హెచ్చుగా విడుచు లారీలు రుసుము చెల్లింపవలెనను నియమము కలదు. దానిని పెద్ద వ్యానులకు 2010లో వర్తింపజేయ నుద్దేశించి, 2012 జనవరికి వాయిదా వేసిరి. ఆ తేదీ దగ్గరపడగా, పాత బండ్లకు వడపోతలు బిగించు పని ఈ కంపెనీకి ముమ్మరముగా వచ్చెను. తేదీ దాటగానే ఆ గిరాకి తగ్గిపోయెను. ఒక నగరాధ్యక్షుని నిర్ణయము సముద్రముల కావలి వాటాదారుని పైకమును నిలువరించెను, నడిపించెను.

ఆ కంపెనీ చరిత్రలో మరియొక పాఠము కలదు. 2010లో ఆరు పాత వాటాలకు ఒక క్రొత్త వాటాయు, 2016లో అయిదింటికి ఒకటియు చేసిరి. అనగా మొదట 30 వాటాలున్నవాని చేతిలో తుదకు ఒక్కటి మిగిలినది. ఇందు నేరమేమియు లేదు. లెక్క ప్రకారము వాటా వెల అన్ని రెట్లు పెరుగును. కాని వాటా వెల ఒక డాలరునకు తక్కువగా పడియుండరాదని అచ్చటి నాస్డాకు బజారు నియమము. ఆ గీతను దాటుటకే సామాన్యముగా ఇట్టి కూర్పు చేయుదురు. 2019లో ఈ కంపెనీ నాస్డాకును విడిచిపోయెను. కావున "వాటా వెల చౌక" యను మాటకు అర్థము లేదు. మొత్తము వాటాలెన్ని, కంపెనీ అప్పెంత, యేటేటా క్రొత్త వాటాలు ముద్రించి అమ్ముచున్నదా అనునవి చూడక, ఒక్క వాటా వెల చూచుట, బస్తా తూకము చూడక గింజ వెల చూచుట వంటిది.

ఇక ముడిసరకు. రోడియము ఒక ఔన్సు, అనగా 31 గ్రాములు, 2008 నడుమ సుమారు 10,000 డాలర్లు పలికి, ఆ యేడు ముగియునప్పటికి 1,000 డాలర్ల దరికి పడిపోయెను. 2021 మార్చిలో 29,000 డాలర్ల దరికి ఎగసి, మరల దిగెను. ఇట్టి లోహమును కొని, బేరమునందు ఆరితేరిన పెద్ద కార్ల కంపెనీలకు సరకమ్మవలసినది చిన్న కంపెనీ. రోకటికిని రోటికిని నడుమ గింజ చందము దానిది.

ఇదిగాక కల్లబొల్లి సాధనములు వేరు. పెట్రోలులో వేయు మాత్రలు, గొట్టమునకు బిగించు అయస్కాంతములు, పొగనంతయు మాయము చేయు పెట్టెలు అని ప్రకటనలు వచ్చుచుండును. 2001లో అమెరికా వాటాల బజారును కాపాడు ప్రభుత్వ సంస్థ, సేవ్ ది వరల్డ్ ఎయిర్ అను కంపెనీపై అట్టి ప్రచారము విషయమున దావా వేసెను. "ప్రభుత్వ పరీక్షాశాల ధ్రువపత్రమేది?" అని అడుగుట మన విధి. మన దేశమున పూనాలోని ఏ.ఆర్.ఏ.ఐ. సంస్థవంటివి బండ్ల పొగను పరీక్షించి పత్రము లిచ్చుచున్నవి.

తుదిమాట యొకటి. విద్యుచ్ఛక్తితో నడుచు బండికి పొగగొట్టమే లేదు. హైదరాబాదులో 2019నుండియు, తిరుపతి తిరుమల కొండదారిలో 2022నుండియు అట్టి బస్సులు తిరుగుచున్నవి. లారీలకు, పాత బండ్లకు ఇంకను చాలకాలము ఈ సాధనములు కావలసియే యుండును. కాని ఈ సరకు ఎల్లకాలము పెరుగుచునే యుండునని చెప్పుటకు వీలులేదు.

ఇన్ని తెలిసి చెప్పుచున్న నేనును ఒకప్పుడు మోసపోయినవాడనే. ఇట్టి చిన్న కంపెనీ వాటాలు కొంటిని. దాని పేరు చెప్పను. యంత్రము మంచిదే. నియమము వచ్చు తేదీని నమ్మితిని. తేదీ వాయిదా పడెను, వెల సగమయ్యెను. చౌక యైనదిగదా యని మరల కొంటిని. తుదకు పెట్టినదానిలో పదియవవంతు చేతికి వచ్చెను. అది నా జీతములో మిగిల్చిన సొమ్ము గనుక ఇల్లు గడచినది. ఇంటికి ఆధారమైన సొమ్మే యైనచో నేడు మీ యెదుట ఇంత నెమ్మదిగా మాటాడగలిగి యుండను.

కావున మా అన్నగారికి నేను వ్రాసినది ఇది: "మనుమని అయిదు ప్రశ్నలడుగుడు. ఏ శాసనము ఈ సరకును కొనిపించును, దాని తేదీ నిశ్చయమేనా? కొనువారెందరు, ఒక్కరే విడిచిన కంపెనీ నిలుచునా? చేతనున్న రొక్కముతో అమ్మకము లేకున్నను ఎన్ని మాసములు సాగును? క్రొత్త వాటాలు ఎన్నిమారులు అమ్మిరి? సాధనమును పరీక్షించిన ప్రభుత్వ శాల యేది? వీనికి కాగితముపై జవాబు లేనిచో, వాని మాట ఆశయే గాని లెక్క కాదు. జవాబులున్నను పైకమంతయు పెట్టవలదు. చేను ఇచ్చిన ఫలమును ఇక ఆ పైకమే ఇయ్యవలెను. దానిలో తిండిగింజలు, విత్తనపు గింజలు కలసియున్నవి. అవి తీసి, మిగులు గింజలలో పిడికెడు మాత్రము, పోయినను వదినగారి ముఖము చిన్నబోనంత మాత్రము, పెట్టుడు. చిన్నవాని యుద్దేశము మంచిదే. అతనికి కోపము రాకుండ ఇంకొక మాట చెప్పుడు: అంత నమ్మకమున్నచో మొదట తన జీతములో కొంత పెట్టి, రెండేండ్లు చూచి, పిమ్మట తాతగారిని అడుగవచ్చును."

అన్నగారు ఆ అయిదు ప్రశ్నలను మనుమనికి పంపిరి. జవాబు వచ్చువరకు పైకము బ్యాంకులోనే యుండును. వడ్డీ స్వల్పమే గాని, చేను మాత్రము మరియొకసారి పోలేదు.