ధ్రువ హిమం - వాతావరణం మధ్య ఉష్ణ వినిమయం

ధ్రువ ప్రాంతాలలో నేలను, సముద్రపు మంచుగడ్డలను కప్పి ఉండే హిమానికి, దానిపైనున్న గాలికి మధ్య నిరంతరం జరిగే ఉష్ణ మార్పిడిని ఉష్ణ వినిమయం అంటారు. హిమం ఎప్పుడు, ఎంత కరుగుతుందో తెలుసుకొనుటకు ఈ లెక్క ఆధారం. అంటార్కిటికా, గ్రీన్‌లాండ్‌లలో నేలపై ఉన్న మంచు కరిగితే సముద్రమట్టం పెరుగుతుంది కనుక దీని ప్రాముఖ్యం ఆంధ్ర తీరానికి కూడా ఉన్నది.

ఉష్ణపు జమాఖర్చులు

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడి నేల తనపై పడిన సూర్యకాంతిలో అధికభాగాన్ని గ్రహిస్తుంది. కొత్త హిమం ఇందుకు విరుద్ధంగా 80 నుండి 90 శాతం కాంతిని తిప్పి పంపుతుంది. ఈ నిష్పత్తిని ఆల్బిడో అంటారు. ఆల్బిడో 85 శాతం నుండి 80 శాతానికి తగ్గితే, గ్రహించే కాంతి 15 నుండి 20 శాతానికి, అనగా మూడోవంతు పెరుగుతుంది. అందువలన కొలతలో చిన్న పొరపాటు కూడా ఫలితాన్ని బాగా మార్చివేస్తుంది.

సూర్యకాంతితో పాటు పరారుణ వికిరణం, గాలి ద్వారా చేరే ఉష్ణం, హిమం లోపలి ఉష్ణవహనం, గుప్తోష్ణం కూడా లెక్కలోకి వస్తాయి. హిమపు ఉష్ణోగ్రత 0 డిగ్రీల సెల్సియస్‌ను మించదు. ఆపై మిగిలిన ఉష్ణం కరిగించుటకు ఖర్చవుతుంది. ఒక కిలో మంచు కరుగుటకు సుమారు 334 కిలోజౌళ్ళు కావాలి. నేరుగా ఆవిరి కావడానికి దానికి ఎనిమిది రెట్లకు పైగా కావాలి.

కొలిచే విధానం

ధ్వనితరంగాలతో పనిచేసే గాలిమాపకం గాలి వేగాన్ని, ఉష్ణోగ్రతను సెకనుకు 10 నుండి 20 సార్లు నమోదు చేస్తుంది. గాలి సుళ్ళు పైకీ కిందికీ మోసే ఉష్ణాన్ని దీనినుండి గణిస్తారు. వికిరణ మాపకాల గాజు గోళాలపై మంచు పేరుకొనుట ఇక్కడి పెద్ద ఇబ్బంది. 1997-98లో అలాస్కాకు ఉత్తరాన సముద్రపు మంచులో ఓడను నిలిపి జరిపిన షెబా, 2019-20లో జరిపిన మొజాయిక్ పరిశోధనలలో ఏడాది పొడవునా ఇటువంటి కొలతలు తీసుకున్నారు.

గణిత నమూనాలు

పులివెందుల పల్లెలలో చలికాలపు నిర్మలమైన రాత్రి పొగ నేలకు దగ్గరగా పరచుకొనుట చూడవచ్చు. నేల చల్లబడి, పైగాలి వెచ్చగా ఉండుటే దీనికి కారణం. దీనిని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. మన వద్ద ఇది ఉదయానికి తొలగిపోతుంది. ధ్రువాల చీకటి కాలంలో రోజుల తరబడి నిలుస్తుంది. అప్పుడు గాలి సుళ్ళు క్షీణించి, 1954లో మోనిన్, ఒబుఖోవ్ ప్రతిపాదించిన సిద్ధాంతం సరిగా వర్తించదు. ఆ సిద్ధాంతంపై ఆధారపడిన నమూనాలలో పొరపాట్లు ఎక్కువగా కనిపించేది ఇటువంటి స్థితిలోనే. హిమం మంచి ఉష్ణ నిరోధకం కనుక, సముద్రపు మంచుపై హిమపు పొరను లెక్కలోకి తీసుకొనని నమూనాలు శీతాకాలంలో ఉపరితలాన్ని వాస్తవం కంటే వెచ్చగా చూపుతాయి.

భారతదేశపు పరిశీలనలు

అంటార్కిటికాలో 1983-84లో నెలకొల్పిన దక్షిణ గంగోత్రి హిమంలో కూరుకుపోయినందున 1990లో దానిని విడిచిపెట్టారు. 1989లో మైత్రి, 2012లో భారతి కేంద్రాలు ఏర్పడ్డాయి. ఈ రెండింటిలోనూ భారత వాతావరణ శాఖ పరిశీలనలు జరుపుతుంది. నమూనాల ఫలితాలను సరిచూచుటకు ఇటువంటి దీర్ఘకాలిక నమోదులు అవసరం.