గుండె పరీక్షలో సూక్ష్మబుద్బుదములు: అపోహలు – వాస్తవాలు

ఎకో పరీక్షలో బొమ్మ స్పష్టముగా రాలేదనియు, కాంట్రాస్ట్ ఎక్కించి మరల చూడవలెననియు వైద్యుడు చెప్పినంతనే, సి.టి. స్కానింగులో వాడు మందే ఇదియు ననుకొని, కిడ్నీలు చెడిపోవునని భయపడువారు పెక్కుమంది గలరు. ఆ భయమునకు ఆధారము లేదు. సి.టి.లోను, యాంజియోగ్రాములోను వాడునది అయోడిన్ గల ద్రవము. ఇచ్చట సిరలోనికి పంపునది కొవ్వు పదార్థముతోనో, ఆల్బుమిన్ అను మాంసకృత్తుతోనో ఏర్పడిన పలుచని పొరలో ఇమిడిన వాయువు, అనగా సూక్ష్మబుద్బుదములు. ఎక్స్‌రే కిరణముల ప్రసక్తియే లేదు. పొర చిట్లిన పిమ్మట ఆ వాయువు కొలది నిమిషములలో ఊపిరితో వెలుపలికి పోవును.

రక్తములో గాలిబుడగ చేరిన ప్రాణాపాయము గదా యను సందేహము మాత్రము త్రోసివేయదగినది కాదు. పెద్ద బుడగ నాళమున అడ్డుపడి ప్రాణము తీయగల మాట నిజమే. కాని ఈ బుద్బుదములు ఎర్ర రక్తకణమంతటివో, అంతకన్న చిన్నవో యగుటచే, ఊపిరితిత్తులలోని కేశనాళికలను సైతము దాటి గుండె ఎడమభాగమునకు చేరుచున్నవి. మందు పుచ్చుకొన్న వెనుక సంభవించిన కొన్ని మరణములను పురస్కరించుకొని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో కఠినమైన హెచ్చరిక జారీచేసి, 2008లో అందలి ఆంక్షలను కొంత సడలించినది. అపాయము బొత్తిగా లేదనుట సత్యము కాదు. సుమారు 10,000 మందిలో ఒకరికి తీవ్రమైన ప్రతిచర్య కలుగవచ్చును గనుక, పూర్వము ఏ మందైన పడకపోయిన యెడల దాచక చెప్పవలెను.

ఇది బిల్లు పెంచుటకు పన్నిన ఉపాయమనుట అన్యాయము. స్థూలకాయులలోను, ఊపిరితిత్తుల వ్యాధి గలవారిలోను మామూలు ఎకోలో గుండె గోడల అంచులు మసకబారును. అంచు తెలియనిదే గుండె ఎంత రక్తమును నెట్టుచున్నదో సరిగా లెక్కించుటెట్లు? బుద్బుదములు నిండగనే ఎడమ జఠరిక తెల్లగా వెలుగును; గుండెపోటు వచ్చినవారిలో దాని కొనయందు రక్తపుగడ్డ యున్నచో, ఆ తెలుపులో నల్లని మచ్చగా నిలిచి కనబడును. ఆ గడ్డ కనబడినప్పుడు రక్తము గడ్డకట్టకుండ మందు మొదలిడుదురు. కనబడకపోయిన అది మెదడునకు చేరి పక్షవాతము కలిగింపవచ్చును.

రక్తప్రసరణను పరికించు తీరు మరింత రమ్యము. ఎకోలో వాడు శబ్దతరంగముల బలమును క్షణకాలము హెచ్చించినచో గుండె కండలోని బుద్బుదములన్నియు చిట్లి, కండ నల్లబడును. ఆరోగ్యవంతునిలో, విశ్రాంతిగా నున్నప్పుడు, సుమారు 5 సెకండ్లలో అది మరల తెల్లబడును. ఏ భాగము ఆలస్యముగా నిండుచున్నదో, ఆ భాగమునకు రక్తము చాలుటలేదన్నమాట.

దీనితో యాంజియోగ్రాము అవసరము తీరిపోయినదనుట మరియొక అపోహ. కండకు రక్తము అందుటలేదని ఇది తెలుపగలదు గాని, ఏ ధమని ఏ చోట ఎంత మూసుకొన్నదో చూపజాలదు. స్టెంటు వేయవలెనా, బైపాసు చేయవలెనా యని నిర్ణయించుటకు ఆ చోటు తెలియవలెను.