షిఫా ఏ పుట్టగొడుగులో ఉంది?

తొలకరి ఉరుములు ఉరమగానే పాల్వంచ నుండి భద్రాచలం దాకా అడవి అంచున పుట్టల మీద పుట్టగొడుగులు మొలుస్తాయి. కోయ సోదరీమణులు వాటిని ఏరి తెచ్చి రహదారి పక్కన అమ్ముతారు. మా మదర్సాలోనూ ఆ రోజుల్లో అదే కూర.

గత వర్షాకాలంలో ఒక తల్లి మా వద్దకు వచ్చి, "మౌల్వీ సాబ్, బాబుకు కళ్లకలక వచ్చింది. పుట్టగొడుగు రసం కళ్లకు షిఫా అని మీరే బయానులో చెప్పారు కదా! పిండి కంట్లో వేయమంటారా?" అని అడిగారు. మేము ఉలిక్కిపడ్డాము. ఆ మాట అన్నది మేమే.

సయీద్ బిన్ జైద్ (రజి) ఉల్లేఖించగా సహీహ్ బుఖారీలో నమోదైన హదీసు అది. 'కమఅ' అనేది 'మన్న్' కోవకు చెందినదనీ, దాని రసంలో కళ్లకు స్వస్థత ఉన్నదనీ దైవప్రవక్త (స) తెలియజేశారు. ఉర్దూ అనువాదాలలో ఆ పదాన్ని 'ఖుంబీ' అన్నారు. మేము దానిని తెలుగులో 'పుట్టగొడుగు' చేశాము. నిజానికి కమఅ ఎడారి నేలలో, కాడా గొడుగూ లేకుండా, ఆలుగడ్డ వలె పెరిగే శిలీంధ్రం. మన పుట్టల మీద మొలిచేది వేరు. పైగా ఆ రసాన్ని విడిగా వాడాలా, ఇతర నేత్రౌషధాలతో కలపాలా అన్న విషయంలో పండితుల భిన్నాభిప్రాయాలను ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మ) 'తిబ్బె నబవీ'లో వివరించారు. ప్రవక్త (స) వాక్కు సత్యం. దానిని వేరొక వస్తువుకు అంటగట్టడం మా పొరపాటు.

అట్లని మన పుట్టగొడుగులలో మేలు లేదని కాదు. వాటిలో కొవ్వు స్వల్పం. మాంసకృత్తులు, బి విటమిన్లు, పొటాషియం ఉంటాయి. ఎండ తగిలితే డి విటమిన్ కూడా తయారవుతుంది. జపానులో షిటాకే పుట్టగొడుగు నుండి తీసిన లెంటినాన్‌ను కడుపు క్యాన్సరు చికిత్సలో మందులకు తోడుగా వాడారు. మందులకు బదులుగా కాదు. ఈ భేదాన్ని మరువరాదు.

అల్లాహ్ సృష్టిలో విషజాతులూ ఉన్నాయి. కొన్నింటిని తిన్న తరువాత 6 గంటలు దాటినా ఏ బాధా తెలియదు. తరువాత వాంతులు, విరేచనాలు మొదలై, తగ్గినట్లే తగ్గి, కాలేయం దెబ్బతింటుంది. ఉడికించినా ఆ విషం పోదు. కనుక గుర్తెరుగని పుట్టగొడుగును వండకండి. తిన్నవారికి వాంతులైతే, మిగిలిన ముక్కతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఆ బాబును కంటి వైద్యుని వద్దకు పంపాము. తరువాతి జుమా నాడు అందరి ఎదుట మా మాటను సరిదిద్దుకున్నాము. వ్యాధికి చికిత్స చేయించుకొమ్మన్నదీ ప్రవక్త (స) బోధనే కదా!