గుడారాల కింద ఏడు రోజుల బడి

స్కౌట్ వేసవి శిబిరంలో పిల్లలు నేర్చుకునేదేమిటి? పంపే ముందు తల్లిదండ్రులు చూడాల్సిందేమిటి?

సికింద్రాబాద్: వేసవి సెలవులు వచ్చాయంటే నగరంలోని పిల్లలకు కనిపించేవి రెండే దారులు. ఒకటి వచ్చే ఏడాది పాఠాలను ముందుగానే చెప్పే కోచింగ్ కేంద్రం. రెండోది ఇంట్లో సెల్‌ఫోన్. స్కౌట్ దళాలున్న పాఠశాలల విద్యార్థులకు, రైల్వే కుటుంబాల పిల్లలకు మూడో దారి కూడా ఉంది. భుజాన సంచి, మెడలో స్కార్ఫ్, చేతిలో కర్రతో బయలుదేరి, ఊరికి దూరంగా చెట్ల నీడన వారం రోజులు గడిపి రావడం. దీనిని విహారయాత్రగా భావించి పంపే తల్లిదండ్రులున్నారు. ప్రమాదమని భయపడి మానిపించేవారూ ఉన్నారు. నిజానికి ఇది విహారం కాదు. జాగ్రత్తలు పాటించిన చోట భయపడాల్సినదీ కాదు. పదేళ్లు దాటిన పిల్లల చేతికి నిజమైన బాధ్యత అప్పగించి, దాని ఫలితాన్ని వారినే చూడనిచ్చే శిక్షణ ఇది. ఆ వారం ఎలా గడుస్తుందో తెలిస్తే పంపాలా వద్దా అనే నిర్ణయం తేలికవుతుంది.

మొదటి శిబిరమూ వారమే

ప్రపంచంలో మొట్టమొదటి స్కౌట్ శిబిరం కూడా దాదాపు వారం రోజులే సాగింది. 1907 ఆగస్టు 1 నుంచి 8 వరకు ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో సైనికాధికారి రాబర్ట్ బేడెన్ పావెల్ సుమారు 20 మంది బాలురతో దీనిని నిర్వహించారు. వారిలో సంపన్నుల పాఠశాలల్లో చదివేవారు, కార్మిక కుటుంబాల పిల్లలు కలిసి ఉన్నారు. వారిని నాలుగు జట్లుగా చేసి, జంతువుల, పక్షుల పేర్లు పెట్టి, ప్రతి జట్టుకు వారిలోనే ఒకరిని నాయకుడిని చేశారు. మరుసటి ఏడాది ఆయన రాసిన 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' పుస్తకంతో ఉద్యమం దేశదేశాలకు పాకింది.

మన దేశంలో 1909లో బెంగళూరులో తొలి దళం ఏర్పడినా, మొదట్లో భారతీయ బాలలకు అందులో చోటు దక్కలేదు. ఈ వివక్షను సహించలేక 1916లో మద్రాసులో అనీబిసెంట్, జార్జి అరండేల్‌తో కలిసి భారతీయ బాలల కోసం ప్రత్యేక సంఘాన్ని నెలకొల్పారు. ఉత్తరాదిన మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ వాజ్‌పేయి సేవా సమితి పేరుతో అదే పనికి పూనుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక వేర్వేరు సంఘాలు విలీనమై 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఆవిర్భవించింది. 1951 ఆగస్టు 15న బాలికల గైడ్ సంఘం కూడా ఇందులో చేరింది. ఈ సంస్థ మొదటి జాతీయ జంబూరీకి 1953లో హైదరాబాదే వేదిక అయింది.

సికింద్రాబాద్‌కు ఈ ఉద్యమంతో మరో బంధం ఉంది. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో రాష్ట్రాలతో సమానంగా రైల్వే జోన్లకూ విడిగా శాఖలుంటాయి. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు అటువంటి శాఖ ఉంది. రైల్వే కుటుంబాల్లో తండ్రి, కొడుకు ఇద్దరూ స్కౌట్లుగా పనిచేసిన ఇళ్లు కనిపించడానికి కారణం ఇదే.

దళమే కుటుంబం

శిబిరానికి ఆయువుపట్టు దళ పద్ధతి. ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు ఒక దళం. నాలుగు దళాలు కలిస్తే గరిష్ఠంగా 32 మందితో ఒక ట్రూపు. దళ నాయకుడు కూడా పిల్లవాడే. వంట ఎవరు చేయాలి, నీళ్లు ఎవరు తేవాలి, కట్టెలు ఎవరు ఏరాలి, గిన్నెలు ఎవరు తోమాలి అన్నది దళంలోనే పంచుకుంటారు. మరునాటికి పనులు మారతాయి. నీళ్లు తెచ్చే బాలుడు ఆలస్యం చేస్తే అన్నం ఆలస్యమవుతుంది. ఆకలితో ఎదురుచూసేది మిగతా ఏడుగురు. ఉపాధ్యాయుడు మందలించనక్కరలేదు. ఆ ఏడు ముఖాలు చూస్తే చాలు, పని విలువ తెలిసివస్తుంది. ఇంట్లో తిన్న కంచం తీయని పిల్లవాడు నాలుగో రోజుకు పెద్ద గిన్నె బూడిదతో తోమడం వెనుక రహస్యం ఇదే.

ఏడు రోజులు ఇలా...

మొదటి రోజు స్థలం ఎంపిక, గుడారాలు వేయడం. ఎండు కొమ్మలున్న చెట్టు కింద గుడారం వేయరు. గాలివానకు కొమ్మ విరిగిపడవచ్చు. ఎండిపోయిన వాగులోనూ వేయరు. వేసవిలో అకాల వర్షం కురిస్తే ఎగువ నీరు క్షణాల్లో ముంచెత్తుతుంది. వంటశాలను గాలివాటు చూసి పొగ, నిప్పురవ్వలు గుడారాల వైపు రాని పక్కన పెడతారు. వాన నీరు లోపలికి రాకుండా గుడారం చుట్టూ చిన్న గాడి తవ్వుతారు. ఆ రాత్రి సాధారణంగా కొందరు పిల్లలు అమ్మను తలచుకుని ఏడుస్తారు. అనుభవమున్న స్కౌట్ మాస్టర్లు దీనిని తప్పుగా చూడరు. రెండో రాత్రికి చాలామంది అలసి హాయిగా నిద్రపోతారు.

రెండో రోజు తాళ్లు, ముళ్లు. రెండు తాళ్లను కలిపే రీఫ్ నాట్‌లో మొదట కుడి కొసను ఎడమ కొసపై వేసి, తర్వాత ఎడమ కొసను కుడి కొసపై వేయాలి. రెండుసార్లూ ఒకే వైపు వేస్తే ముడి జారిపోతుంది. గుంజకు తాడు బిగించడానికి క్లోవ్ హిచ్, నడుముకు కట్టినా బిగుసుకోని ఉచ్చుకు బోలైన్ వాడతారు. పశువును పలుపుతో కట్టే రైతుకు, బావిలో చేద వేసిన గృహిణికి ఇవి కొత్త కాదు. పట్టణ పిల్లలకే కొత్త. అదే రోజు వెదురు బొంగులను తాళ్లతో బిగించి చేతులు కడుక్కునే ముక్కాలి పీట, చెప్పుల అర, పళ్లేల అర తయారు చేస్తారు. మేకు ఒక్కటీ వాడరు.

మూడో రోజు వంట. రాళ్ల పొయ్యి, కట్టెలు, బియ్యం, పప్పు ఇచ్చి వదిలేస్తారు. మొదటి పూట అన్నం అడుగంటడం, పప్పు ఉడకకపోవడం మామూలే. వంటశాల పక్కన రెండు గోతులు తవ్వుతారు. ఒకటి కడుగునీళ్లకు, రెండోది తొక్కలు, పొట్టు వంటి చెత్తకు. కడుగునీళ్ల గోతిపై గడ్డి పరిస్తే జిడ్డు అక్కడే నిలుస్తుంది. రోజూ ఆ గడ్డిని తీసి కాల్చి కొత్తది పరుస్తారు. ఈగలు చేరకుండా ఇదొక ఉపాయం.

నాలుగో రోజు దారి తెలుసుకోవడం. దిక్సూచి, పటం పట్టుకుని వేకువనే నడక మొదలుపెడతారు. ముందు వెళ్లిన దళం రాళ్లతో, పుల్లలతో వదిలిన గుర్తులను బట్టి వెనుక దళం దారి పట్టాలి. వృత్తం మధ్యలో చుక్క ఉంటే పని ముగించి వెళ్లిపోయామని అర్థం. రాత్రి ఆకాశంలో సప్తర్షి మండలం ఆధారంగా ధ్రువనక్షత్రాన్ని గుర్తిస్తారు. ఒక చోటి అక్షాంశం ఎంతో అక్కడ ధ్రువుడు దిఙ్మండలానికి సుమారు అంత ఎత్తున కనిపిస్తాడు. మన ప్రాంతంలో అది 17 డిగ్రీలే. అందుకే చెట్లు, భవనాలు అడ్డులేని ఉత్తర దిక్కు కావాలి. నగరంలో ఏళ్ల తరబడి ఉన్నా ధ్రువుడిని చూడని పిల్లలకు ఇది తొలి దర్శనం.

అయిదో రోజు ప్రథమ చికిత్స. మెడలోని స్కార్ఫే త్రికోణపు కట్టు అవుతుంది. రెండు కర్రలకు రెండు చొక్కాలు తొడిగితే స్ట్రెచర్ తయారవుతుంది. ఆరో రోజు సమీప గ్రామంలో సేవ. బడి ఆవరణ శుభ్రం చేయడం, మొక్కలకు పాదులు తీయడం వంటివి చేస్తారు. రాత్రి పెద్ద నెగడు చుట్టూ పాటలు, హాస్య నాటికలు సాగుతాయి. ఏడో రోజు గోతులు పూడ్చి, బూడిద చల్లార్చి, కాగితం ముక్క కూడా మిగలకుండా ఏరి, మైదానాన్ని వచ్చినప్పటిలా అప్పగించి బయలుదేరతారు.

ఎండ, నీరు, పాము

మే నెలలో తెలంగాణ ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. అందుకే సక్రమంగా నడిచే శిబిరంలో అయిదు గంటలకే మేల్కొలుపు ఉంటుంది. వ్యాయామం, పతాక వందనం, శిక్షణ తరగతులు ఎండ ముదరకముందే ముగుస్తాయి. మధ్యాహ్నం నీడన కూర్చుని జ్ఞాపకశక్తి ఆటలు ఆడతారు. గుడ్డపై పరిచిన 24 వస్తువులను ఒక నిమిషం చూపి మూసేస్తే, గుర్తున్నవి రాయడం వాటిలో ఒకటి. కిప్లింగ్ నవల 'కిమ్' పేరుతో ఈ ఆట ప్రసిద్ధం. సాయంత్రం చల్లబడ్డాకే మళ్లీ మైదానంలోకి వస్తారు. వడదెబ్బ తగిలినవారిని నీడకు చేర్చి, ఒంటిని తడిపి, విసురుతూ వెంటనే 108కు ఫోన్ చేయాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. విరేచనాలైతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. స్పూనులో రెండూ తలగొట్టి కొలవాలి.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం నీరు. ఏటా వేసవిలో చెరువుల్లో, క్వారీ గుంతల్లో, వ్యవసాయ బావుల్లో ఈతకు దిగి పిల్లలు మరణించిన వార్తలు ఈ పేజీల్లోనే చదువుతున్నాం. అనేక ఘటనల్లో మునుగుతున్న ఒకరిని కాపాడబోయి రెండోవారు, వారి కోసం మూడోవారు ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. శిబిరంలో నేర్పే మొదటి సూత్రం నీటిలోకి దూకకూడదనే. గట్టున పడుకుని కర్ర అందించాలి. అందకపోతే తాడు, చీర, తువ్వాలు విసరాలి. అదీ లేకపోతే మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను విసిరినా పట్టుకుని తేలవచ్చు. పెద్దలను కేకేసి పిలవాలి. ఈ ఒక్క పాఠం నేర్చుకుని వచ్చినా ఆ వారం వృథా కాదు.

పాముకాటు విషయంలో శిక్షణ మారింది. కాటుపైన గట్టిగా తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం వంటివి పాత పుస్తకాల్లో ఉండేవి. ఇవి హాని చేస్తాయని నేటి వైద్యం చెబుతోంది. కాటు పడిన అవయవాన్ని కదలనీయకుండా బద్ద కట్టి, ధైర్యం చెప్పి, విషానికి విరుగుడు మందు లభించే ఆసుపత్రికి వెంటనే తరలించాలి. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించేవారిని కాటేస్తుంది. నొప్పి పెద్దగా తెలియదు. అందుకే గుడారంలో పక్కలు దులపడం, రాత్రి టార్చి లేకుండా అడుగు వేయకపోవడం శిబిరంలో కచ్చితమైన నియమాలు.

ఉద్యోగం వస్తుందా?

రైల్వే నియామకాల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉన్నమాట నిజమే. అయితే ఒక శిబిరం ధ్రువపత్రంతో అది దక్కదు. ప్రవేశ్, ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపాన్‌లు, రాజ్య పురస్కార్ దాటి రాష్ట్రపతి పురస్కారం వరకు వెళ్లినవారిని, లేదా శిక్షకుల అర్హత అయిన హిమాలయన్ వుడ్ బ్యాడ్జ్ పొందినవారిని ఈ కోటా కింద పరిగణిస్తారు. ఏళ్ల తరబడి సంస్థలో చురుగ్గా ఉండటం, జాతీయ, రాష్ట్ర స్థాయి కార్యక్రమాల్లో పాల్గొనడం కూడా అడుగుతారు. పోస్టులు స్వల్పం. ఉద్యోగం ఆశ చూపి రుసుము అడిగేవారిని నమ్మవద్దు.

తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్నలు

పిల్లలను పంపే ముందు నిర్వాహకులను కొన్ని విషయాలు నిర్మొహమాటంగా అడగాలి. శిబిరం సంస్థ అనుమతితో జరుగుతోందా? శిక్షణ పొందిన స్కౌట్ మాస్టర్లు ఎంతమంది ఉంటారు? బాలికల శిబిరంలో గైడ్ కెప్టెన్లు రాత్రివేళ అక్కడే ఉంటారా? తాగునీరు ఎక్కడి నుంచి వస్తుంది? దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, అత్యవసరానికి వాహనం ఉందా? సమీపంలో చెరువు, బావి ఉంటే కాపలా ఎవరు? ఉబ్బసం, మూర్ఛ, మందులు పడకపోవడం వంటివి పిల్లలకు ఉంటే దాచకుండా రాతపూర్వకంగా తెలపాలి. సూటిగా జవాబు చెప్పలేని శిబిరానికి పంపకపోవడమే మేలు.

వారం తర్వాత ఇంటికి వచ్చిన పిల్లవాడిని ఏమి నేర్చుకున్నావని ప్రశ్నలతో వేధించనక్కరలేదు. ఒక పూట వంటింటి పని అప్పగించి చూడవచ్చు. అన్నం కాస్త మాడినా తినాలి. శిబిరంలో తోటివారు తిన్నారు. చేరదలచిన విద్యార్థులు ముందుగా తమ పాఠశాలలో స్కౌట్ దళం ఉందేమో తెలుసుకుని, స్కౌట్ మాస్టరును గానీ గైడ్ కెప్టెన్‌ను గానీ సంప్రదించాలి. దళం లేని బడిలో తల్లిదండ్రులు ప్రధానోపాధ్యాయుడిని కోరితే, ఒక ఉపాధ్యాయుడు శిక్షణ పొంది వచ్చి దళాన్ని ప్రారంభించే వీలుంది.